మా బాక్సుకు నోరుంది, చెవి లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ పత్రికలో కేబుల్ టీవీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. మొదటిసారి చదివితే నవ్వొచ్చింది, రెండోసారి ఒళ్ళు మండింది. కేబుల్‌లో చూడటమే తప్ప చూసేవాళ్ళు తిరిగి మాట్లాడే వీలు ఏనాడూ లేదనీ, స్మార్ట్ టీవీలు, యాప్‌లు వచ్చాకే ప్రేక్షకుడికి నోరొచ్చిందనీ అందులో రాశారు. రాసినవారు ఏ ఊళ్ళో పెరిగారో నాకు తెలియదు. మా చీరాలలో మాత్రం ప్రేక్షకుడు నోరు మూసుకుని ఉన్న రోజు నాకు గుర్తు లేదు. 1996 నుంచీ ఫోన్ చెవిలో పెట్టుకుని ఆ నోటికి ఇవతల కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఉత్తరం పొడుగైతే లెక్కలు కత్తిరించండి, మామ్మగారిని మాత్రం ఉంచండి. ఆవిడ సంగతి తర్వాత వస్తుంది.

మాది చిన్న నెట్‌వర్క్. ఒకప్పుడు పదకొండు వందల కనెక్షన్లు ఉండేవి, ఇప్పుడు నాలుగు వందల పన్నెండు. జెమినీ, ఈటీవీ రెండూ 1995లో మొదలయ్యాయి. మరుసటి ఏడాది మా ఆయన డాబా మీద పన్నెండు అడుగుల డిష్ బిగించారు. అదే డాబా మీద ఒడియాలు పెట్టుకునేదాన్ని, ఆ రోజు నుంచి చోటు లేదు. పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళి 500 రూపాయలు కట్టి, ఫారం నింపి, కేబుల్ చట్టం కింద రిజిస్ట్రేషన్ కాగితం తెచ్చుకున్నాం. ఏటా అదే పోస్టాఫీసు, అదే కౌంటరు. 2025 జనవరి నుంచి అదంతా ఆన్‌లైన్ అయింది. ఐదేళ్ళకోసారి 5,000 కట్టాలి. క్యూలో నిలబడే బాధ తప్పింది, ఏడాదికి పడే ఖర్చు మాత్రం రెట్టింపయింది.

మొదట్లోనే ఇద్దరం పని పంచుకున్నాం. స్తంభాలు ఆయనవి, ఫోను నాది. నెల చందా వసూలు మాత్రం ఇద్దరిదీ, ఎందుకంటే అది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టం పొమ్మని ఊరు ఊరంతా ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట వెళ్ళి రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్న వాళ్ళ మనవళ్ళు మా ఖాతాదారులు. అరవై రూపాయల కోసం వాళ్ళ గడప తొక్కేటప్పుడు నాకు ఆ చరిత్ర బాగా గుర్తుండేది.

నా దగ్గర ఒక పొడుగాటి లెడ్జరు పుస్తకం ఉండేది, కంప్లయింట్లు రాసుకోవడానికి. అందులో టెక్నికల్ మాట ఒక్కటి కూడా ఉండదు. జనం ఎలా చెబితే అలాగే రాసేదాన్ని. చీమలు పాకుతున్నాయి. మనిషి పక్కన ఇంకో మనిషి నిలబడ్డాడు. బొమ్మ మీద నుంచి నల్లటి పట్టీ నడుస్తోంది. ఈటీవీ వెనకాల వేరే ఛానల్ దెయ్యంలా కనబడుతోంది. ఇవన్నీ చదివి మా ఆయన ఏ సంచీ తీసుకోవాలో ఇంట్లోనే తేల్చుకునేవారు. చీమలంటే సిగ్నల్ సన్నబడింది, ఎక్కడో జాయింటు వదులైంది. పక్కన ఇంకో మనిషంటే వైరు చివర పిన్ను సరిగ్గా లేక సిగ్నల్ వెనక్కి తన్నుతోంది. నల్ల పట్టీ అంటే సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా పాడైంది. దెయ్యం కనబడుతోందంటే యాంప్లిఫయర్ గెయిన్, అంటే ఆ పెంచే మోతాదు, ఎవరో మరీ ఎక్కువ పెట్టారు, ఆ ఎవరో చాలాసార్లు ఈయనే. ఫోన్ ఒక ఇంటి నుంచే వచ్చిందా, వీధిలో నాలుగిళ్ళ నుంచి వచ్చిందా అని చూస్తే ఏ స్తంభం ఎక్కాలో కూడా తెలిసిపోయేది. పేరాల నుంచి ఫోన్ చేసే ఒక నేత కార్మికుడి భార్య ఉండేది. మగ్గం గుంటలో కూర్చున్న భర్త అరిచి చెబుతుంటే ఆవిడ నాకు ఫోన్లో అప్పజెప్పేది. ఆ ఇల్లు మా లైను చివర ఉండేది. అక్కడ చీమలు మొదలయ్యాయంటే మిగతా లైనులో ఇంకో గంటలో మొదలవుతాయని లెక్క. ఇంతకంటే మంచి మీటర్ మా దగ్గర అప్పటికి లేదు.

డిజిటల్ వచ్చాక ఆ భాష పోయింది. ఇప్పుడు బొమ్మ బాగుంటే పూర్తిగా బాగుంటుంది. లేదా గళ్ళు గళ్ళుగా చెదిరిపోయి, ఆ వెంటనే నో సిగ్నల్ అని వస్తుంది. మధ్యలో చీమలు, దెయ్యాలు లేవు. ఫోన్ చేసినవాళ్ళు కూడా రావట్లేదు అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తారు. మా కుర్రాళ్ళిద్దరూ ఆ ఒక్క మాట పట్టుకుని వీధంతా తిరగాలి.

వ్యాసంలో ఇంటరాక్టివ్ అని పెద్ద మాట వాడారు కాబట్టి పాటల సంగతి చెప్పాలి. 2003 ప్రాంతంలో మా లోకల్ ఛానల్‌లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా కోరిన పాట వేసేవాళ్ళం. ఒక డీవీడీ ప్లేయరు, ఒక కంప్యూటరు, ల్యాండ్‌లైన్, నేను. ఆ పాటలు వేయడానికి హక్కుదారుల అనుమతి ఉండాలనే సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మానేశాం. అది మా తప్పే, దాచను. కానీ ఆ రెండు గంటల్లో నేను చేసిన పని గురించి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. ఒకే కుర్రాడు మూడోసారి చేస్తే, నాయనా, ఇందాకేగా వేశాను, పక్క వీధి వాళ్ళకి కూడా చెవులున్నాయి అని చెప్పేదాన్ని. వేటపాలెం రోడ్డులో ఒక ఇంట్లో మనిషి పోయారని తెలిస్తే ఆ రోజు హుషారు పాటలు వెనక్కి నెట్టి పాతవి వేసేదాన్ని. పరీక్షల నెలలో ఆరింటికి కచ్చితంగా ఆపేసేదాన్ని, తల్లులు ఫోన్ చేసి మెచ్చుకునేవాళ్ళు, పిల్లలు ఫోన్ చేసి తిట్టేవాళ్ళు.

తర్వాత ఒకాయన వచ్చి మనిషి అక్కర్లేని మెషీన్ అమ్మాడు. కంప్యూటర్‌కి ఒక కార్డు తగిలిస్తాడు, ఫోన్ వస్తే అదే ఎత్తుతుంది, రికార్డు చేసిన గొంతు పలుకుతుంది, పాట నంబర్ నొక్కితే అదే క్యూలో పెడుతుంది. కింద స్క్రోలింగ్‌లో పాటల నంబర్లు తిరుగుతుంటాయి. ఆరు వందల నలభై పాటల పేర్లు నేనే టైప్ చేశాను. మొదటి రోజు చాలా సంతోషపడ్డాను, సాయంత్రం పూట కాలు చాపుకుని కూర్చోవచ్చని. మూడో రోజే తెలిసింది, ఎస్టీడీ బూత్ దగ్గర చేరిన నలుగురు కుర్రాళ్ళు లైను ఆక్రమించుకుని ఒకే పాట పదకొండుసార్లు వేయించుకున్నారని. మెషీన్‌కి ఇందాకేగా అనడం రాదు.

అంతకంటే పెద్ద గొడవ ఇంకొకటి. ఎవరు కోరారో తెలిసేలా ఫోన్ చేసినవాళ్ళ నంబర్‌ను మెషీన్ తెర మీద వేసేది. మొత్తం నంబరు. ఒక ఇంట్లో ఆడపిల్ల పాట కోరింది. ఆ రాత్రి నుంచి ఆ ఇంటికి మాట్లాడకుండా పెట్టేసే ఫోన్లు. వారం తర్వాత వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చి, అరవలేదు, కుర్చీలో కూర్చుని, అమ్మా నీకూ ఆడపిల్ల ఉంది కదా అన్నాడు. అంతే అన్నాడు. ఆ సాయంత్రమే నంబర్ కనబడకుండా తీసేయమని అమ్మినాయనకి ఫోన్ చేశాను. అది సాఫ్ట్‌వేర్‌లో లేదన్నాడు. తెర కింది భాగం మొత్తం మీద చీరల కొట్టు ప్రకటన పట్టీ వేసి ఆ నంబర్ కప్పేశాను. ఆ కొట్టు వాళ్ళకి ఆ ఏడాది పైసా ఖర్చు లేకుండా బోలెడు ప్రచారం దొరికింది. ఇప్పుడు డేటా ప్రైవసీ అని పెద్ద పెద్ద మాటలు వింటుంటే నాకు ఆ పట్టీ గుర్తొస్తుంది.

ఇక సెట్‌టాప్ బాక్సులు. మా లాంటి మున్సిపాలిటీలకు 2015 డిసెంబర్ 31 గడువు పెట్టారు, కోర్టు స్టేలతో అది సాగుతూ వచ్చింది, పల్లెలకు 2017 మార్చి దాకా వెళ్ళింది. మా డిష్ దింపేశాం. అప్పటి నుంచి బొమ్మ పెద్ద కంపెనీ కంట్రోల్ రూమ్ నుంచి, అంటే మేం ఎమ్మెస్వో అనేవాళ్ళ దగ్గర నుంచి, ఫైబర్ మీద వస్తుంది. మేం ఊళ్ళో వైరు లాగి ఇళ్ళకి ఇస్తాం. డబ్బా కూడా వాళ్ళదే. ఇక్కడ మీ పాఠకులకి ఒక్క విషయం తెలిస్తే సగం అపార్థాలు పోతాయి. ఇళ్ళల్లో ఉన్న మామూలు కేబుల్ బాక్సుకి నోరుంది కానీ చెవి లేదు. కంట్రోల్ రూమ్ నుంచి ఇంటికి వచ్చే దారే తప్ప ఇంటి నుంచి కంట్రోల్ రూమ్‌కి వెళ్ళే దారి అందులో లేదు. మీరు రిమోట్‌లో ఎన్ని రంగుల మీటలు నొక్కినా ఆ నొక్కుడు మీ హాలు దాటి బయటికి రాదు. ఛానల్ కావాలంటే మిస్డ్ కాల్ ఇమ్మనేది, యాప్‌లో వెళ్ళమనేది అందుకే. ఇంటర్నెట్‌తో కలిసి వచ్చే ఫైబర్ బాక్సులకి రెండు దారులూ ఉంటాయి. 2017 డిసెంబర్‌లో వెలగపూడిలో రాష్ట్రపతి చేతుల మీదుగా రాష్ట్ర ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు 149 రూపాయలకి టీవీ, ఇంటర్నెట్, ఫోను అని విని, ఇక రిమోట్ నొక్కితే వినబడుతుంది అనుకున్నాం. మా లైన్లలో ఎక్కువ ఇళ్ళల్లో ఇప్పటికీ పాత బాక్సే. చెవి లేని పిల్లని పెట్టుకుని మాట్లాడించినట్టు మేం నడుపుకొస్తున్నాం.

ఆ నోటితో అది మాట్లాడేదేమిటో కూడా చూడండి. క్రికెట్ మ్యాచ్ మధ్యలో తెర మీద ఉన్నట్టుండి పొడుగాటి అంకెల వరస వచ్చి పోతుంది. అది ఆ ఇంటి బాక్సు నంబరు. ఎవరైనా తెరను ఫోన్‌తో తీసి దొంగగా ప్రసారం చేస్తే ఏ బాక్సు నుంచి పోయిందో పట్టుకోవడానికి వేస్తారు, ఫింగర్‌ప్రింట్ అంటారు. ఈ సంగతి ఎవరూ జనానికి చెప్పలేదు. ఒక రిటైర్డ్ రైల్వే ఆయన రాత్రి పదింటికి ఫోన్ చేసి, అమ్మా నా బ్యాంకు ఖాతా నంబరేదో టీవీలో పడుతోంది, ఏటీఎం కార్డు బ్లాక్ చేయించనా అన్నారు. బీపీ మాత్ర వేసుకున్నారా అని ముందు అడిగాను. అలాగే మార్చి మొదట్లో, మళ్ళీ అక్టోబర్‌లో, పగటిపూట కాసేపు ఛానళ్ళు ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. ఉపగ్రహానికి సరిగ్గా వెనక సూర్యుడు వస్తాడు, వాడి నుంచి వచ్చే రేడియో తరంగాల గోల డిష్‌లోకి దిగి సిగ్నల్‌ను మింగేస్తుంది. కొన్ని నిమిషాలే. ఓ వారం పది రోజులు అలా ఉంటుంది. సూర్యుడు అడ్డమొచ్చాడండీ అంటే నమ్మరు. ఆయన కూడా డబ్బులు కట్టలేదా ఏంటమ్మా అని ఒకాయన ఇరవై ఏళ్ళుగా ప్రతిసారీ అదే జోకు వేస్తాడు.

2019 ఫిబ్రవరి ఒకటి నుంచి ట్రాయ్, అంటే ఫోన్లకీ కేబుల్‌కీ నియమాలు పెట్టే కేంద్ర సంస్థ, కొత్త పద్ధతి తెచ్చింది. ఏ ఛానల్ కావాలో ఇంటివాళ్ళే ఎంచుకోవాలి, దానికే డబ్బు కట్టాలి. ఆలోచన మంచిదే, నేను కాదనను. అప్పట్లో వంద ఛానళ్ళ వరకు నెట్‌వర్క్ ఫీజు 130 దాటకూడదు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. పే ఛానళ్ళు అదనం. వేరే ఒప్పందం లేకపోతే ఆ 130లో ఎమ్మెస్వోకి 55 శాతం, మాకు 45 శాతం, అంటే 58 రూపాయల 50 పైసలు. స్తంభం ఎక్కేవాడి జీతం, నిచ్చెన, వైరు, యూపీఎస్ బ్యాటరీలు అన్నీ అందులోనే. తర్వాత ఆ వంద ఛానళ్ళు రెండు వందలయ్యాయి, 2024 జులైలో ఆ ఫీజు మీద పరిమితే తీసేశారు. ఇవన్నీ పేపర్లో వచ్చినవే. రానిదేమిటంటే, ఆ జనవరి నెలంతా నేను ఇంటింటికీ తిరిగి ఛానళ్ళ కాగితం మీద టిక్కులు పెట్టించాను. కాగితం మొత్తం ఇంగ్లీషు. ఒక్కో ఇంట్లో ముప్పావు గంట. అత్తగారు భక్తి ఛానల్ అంటే, కోడలు సీరియల్ ఛానల్ అంటే, మామగారు అన్నీ తీసేసి వార్తలుంచమంటే, ఆ ఇంటి పంచాయితీ నేను తీర్చాల్సి వచ్చింది. రెండిళ్ళల్లో భోజనం కూడా చేశాను.

ఆ కొత్త పద్ధతితో పాటే 999 నంబర్ ఛానల్ వచ్చింది. వినియోగదారుడికి ఛానళ్ళ ధరలు, తన హక్కులు, ఎవరికి చెప్పుకోవాలో చూపించడానికి పెట్టమన్నది అది. మీ పాఠకులు ఈ సాయంత్రం ఒకసారి 999 నొక్కి చూడండి. మాకు వచ్చే దాంట్లో ఇంగ్లీషులో చిన్న అక్షరాల పట్టిక పైకి జరుగుతూ ఉంటుంది. మా ఎమ్మెస్వో పేరు రాయను, వాళ్ళొక్కరి సంగతే కాదని నా అనుమానం. చదివేలోపు జరిగిపోతుంది. నా కళ్ళజోడు పెట్టుకుని ప్రయత్నించాను, ఏడో వరస దాకా వచ్చి ఓడిపోయాను.

ఇప్పుడు మామ్మగారు. మేస్టారు గారి భార్య, ఆయన పోయాక ఒక్కతే ఉంటుంది, డెబ్భై ఎనిమిదేళ్ళు. నన్ను అమ్మాయ్ అంటుంది. పోయిన కార్తీక మాసంలో ఒక భక్తి ఛానల్ కావాలనుకుంది. మామూలుగా అయితే నాకు ఫోన్ చేసేది. బెంగళూరులో ఉన్న మనవడు, మామ్మా ఆవిడనెందుకు అడగడం, టీవీలో నంబర్ వస్తుంది, మిస్డ్ కాల్ ఇస్తే చాలు అని చెప్పాడు. వాడి ఉద్దేశం మంచిదే. ఒక్కో ప్యాకుకి ఒక్కో నంబర్, చివరి రెండు అంకెలే తేడా. మామ్మగారు చదివిన నంబరు స్పోర్ట్స్ ప్యాకుది. కార్తీక సోమవారం పొద్దున దీపం పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటే భక్తి ఛానల్ లేదు, ఎప్పుడూ లేని ఫుట్‌బాల్ మాత్రం నాలుగు ఛానళ్ళలో వస్తోంది.

అమ్మాయ్, ఇదేంటే అని నాకు ఫోన్. ఎవరికైనా చేశారా మామ్మగారూ అంటే, నేనెవరికీ చేయలేదు, మోగించి పెట్టేశానంతే అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మోగించి పెట్టేయడం ఒక కొనుగోలు అవుతుందని ఆవిడకు ఎలా తెలుస్తుంది? మీకు ఈ ప్యాకు కావాలా, ఇంత అవుతుంది అని తెలుగులో ఒక్క ముక్క అడిగినవాళ్ళు లేరు. ఆ డబ్బు ఆవిడ దగ్గర కట్ కాలేదు. మేం ఎమ్మెస్వో దగ్గర ముందుగా వేసుకునే వాలెట్ ఉంటుంది, అందులోంచి కట్ అయింది. నెలాఖరున మేం ఆవిడ దగ్గర వసూలు చేసుకోవాలట. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి దగ్గరికి వెళ్ళి ఫుట్‌బాల్ డబ్బులివ్వండి అని ఏ మొహంతో అడగను?

కస్టమర్ కేర్‌కి చేశాను. తెలుగు కోసం రెండు నొక్కాను, అది నొక్కాను, ఇది నొక్కాను, పదిహేను నిమిషాలు సంగీతం విన్నాను. చివరికి ఒక అమ్మాయి వచ్చి ఓపిగ్గా అంతా విని, మేడమ్, దీని కోసం మీ లోకల్ కేబుల్ ఆపరేటర్‌ని సంప్రదించండి అంది. ఆపరేటర్ని నేనేనమ్మా అన్నాను. కాసేపు మాట లేదు. ఆ పిల్లదీ తప్పు కాదు, తన ముందున్న కాగితంలో అంతవరకే రాసి ఉంటుంది. ముప్పై రోజులదాకా ఆ ప్యాకు తీయడం కుదరదన్నారు. భక్తి ఛానల్ నేను వేరే పెట్టించాను. ఆ నెల మామ్మగారికి శివుడూ ఫుట్‌బాలూ రెండూ నా ఖాతాలోనే వచ్చాయి.

ఇందులో రూపాయల బాధ కంటే నాకు కోపం తెప్పించింది వేరే. ఆ మిస్డ్ కాల్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మా లైనులో ఎవరింట్లో ఏం పెరిగింది, ఏం తగ్గింది అన్నది మర్నాడు పోర్టల్ తెరిచి ఒక్కొక్క పేరు వెతికితే తప్ప తెలియదు. ప్రేక్షకుడికీ కంపెనీకీ నేరుగా దారి వేశామని చెప్పుకుంటారు. బాగుంటే ఆ దారిలోనే వెళ్ళిపోతారు, చెడితే మాత్రం మా ఇంటి తలుపు తడతారు.

లోకల్ ఛానల్ సంగతి కూడా ఇంతే, కాకపోతే అది ఛానల్ డబ్బుల లాంటి చిన్న విషయం కాదు. డిష్ ఉన్న రోజుల్లో తుపాను వస్తోందంటే తహసీల్దారు ఆఫీసు నుంచి కాగితం రాగానే నేను కీబోర్డు ముందు కూర్చుని ఐదు నిమిషాల్లో స్క్రోలింగ్ పెట్టేదాన్ని. ఓడరేవు వైపు వాళ్ళు ఏ స్కూల్లో ఉండాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ. కరెంటు పోయేదాకా అది తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు లోకల్ ఛానళ్ళన్నీ ఎమ్మెస్వో ప్లాట్‌ఫాం సర్వీసుల, అంటే ఎమ్మెస్వోలు సొంతంగా వేసుకునే ఛానళ్ళ, లెక్కలోకి వచ్చాయి. 2022 నవంబర్ మార్గదర్శకాల ప్రకారం అవి మొత్తం ఛానళ్ళలో ఐదు శాతం దాటకూడదు, ఒక్కో ఛానల్‌కి వెయ్యి రూపాయలు కట్టి రిజిస్టర్ చేయాలి, వేసినవన్నీ తొంభై రోజులు రికార్డు ఉంచాలి, స్థానిక వార్తలు వేయాలంటే కంపెనీ అయి ఉండాలి. అడ్డగోలుగా ఎవరు పడితే వాళ్ళు ఏదంటే అది వేయకుండా కట్టడి ఉండాలనేది నేనూ ఒప్పుకుంటాను, కుర్రాళ్ళ పాటల గోల చూసినదాన్ని. కానీ ఫలితం ఏమైందో చూడండి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మా బాపట్ల దగ్గరే మధ్యాహ్నం తీరం దాటింది. నాలుగో తారీఖు పొద్దున పదింటికి నేను స్క్రోలింగ్ మ్యాటర్ వాట్సాప్‌లో పంపించాను. అది వేరే ఊళ్ళో ఉన్న కంట్రోల్ రూమ్‌కి వెళ్ళాలి, అక్కడ ఎవరో ఓకే చేయాలి. మా వీధికి కరెంటు మళ్ళీ వచ్చాక ఆరో తారీఖు సాయంత్రం టీవీ పెడితే, తుపాను రేపు తీరం దాటనుంది, ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని నా మాటలే, నా అక్షర దోషంతో సహా, తెర మీద తాపీగా నడుచుకుంటూ పోతున్నాయి. బయట మా ఆయన చిక్కటి బురదలో నిలబడి తెగిన వైరు చుట్ట చుడుతున్నారు.

ట్రాయ్ వారు, సమాచార ప్రసార శాఖ వారు మీ పత్రిక చదువుతారో లేదో కానీ ఎమ్మెస్వోల వాళ్ళు తప్పక చదువుతారు. పెద్ద కోరికలేమీ కావు. 999 ఛానల్ తెలుగులో, కళ్ళకి ఆనే సైజులో పెట్టండి, అందులో ఆ ఇంటి ఆపరేటర్ పేరు, ఫోన్ నంబర్ కూడా వేయండి. ఏ బాక్సు ఏ ఆపరేటర్ కింద ఉందో కంప్యూటర్‌కి తెలుసు, చందా గడువు అయిపోయిందని తెర మీద నిలువెత్తు బోర్డు వేసేటప్పుడు ఎంత కచ్చితంగా మా ఇళ్ళని పట్టుకుంటుందో చూస్తున్నాం కదా. మిస్డ్ కాల్‌కి ప్యాకు పెట్టే ముందు ఎంతవుతుందో తెలుగులో చెప్పి ఔనా కాదా అని అడగండి, పొరపాటైతే ఒక రోజులోపు వెనక్కి తీసుకునే వీలివ్వండి, ఆపరేటర్‌కి ఒక మెసేజ్ పంపండి. తుపాను హెచ్చరిక, కుళాయి నీళ్ళు ఆపే కబురు, పోలియో చుక్కల తేదీ లాంటివి వార్తల కింద లెక్కగట్టకుండా, అధికారుల కాగితం చూపిస్తే ఆ ఊరి బాక్సుల మీద అప్పటికప్పుడు వేసే అధికారం ఊళ్ళో ఎవరో ఒకరికి ఇవ్వండి. అది నాకే ఇవ్వమనడం లేదు. తహసీల్దారుకి ఇచ్చినా సంతోషమే, టైపింగ్ నేను చేసి పెడతాను.

ఈలోపు నేను చేయగలిగింది చేశాను. అరచేయంత కాగితం ముద్రింపించి నాలుగు వందల పన్నెండు ఇళ్ళల్లోనూ రిమోట్ వెనక, బ్యాటరీల మూత మీద అంటించాం. మా కుర్రాళ్ళు చందాకి వెళ్ళినప్పుడల్లా ఊడిందేమో చూస్తారు. దాని మీద ఉన్నది ఇదీ: తెర మీద అంకెలు వస్తే కంగారు పడొద్దు, అది మీ బాక్సు నంబరు. మార్చిలో, అక్టోబర్‌లో పగలు కాసేపు బొమ్మ పోతే దానంతట అదే తిరిగి వస్తుంది. ఛానల్ కావాలన్నా వద్దన్నా ఎక్కడా మోగించి పెట్టేయొద్దు, మాకు చేసి మాట్లాడండి. కింద మా నంబరు. మామ్మగారి రిమోట్‌కి మాత్రం రెండు అంటించాను, వెనకొకటి, ముందొకటి.

ఇట్లు,
ఒక కేబుల్ ఆపరేటర్,
చీరాల, బాపట్ల జిల్లా.